కనబడని ఖాతా

వర్తకమున్న చోట దలాలీ ఉండును. అంబాజీపేట కొబ్బరి గాని, తుని తమలపాకు గాని, మన జిల్లాల ధాన్యము గాని మధ్యవర్తి చేయి తగలకుండ సంత దాటుట అరుదు. కొనువానిని అమ్మువానిని కలిపినందులకు అతడు కొంత పుచ్చుకొనును. అందులో తప్పు పట్టవలసినది లేదు. అయితే దలాలు పుచ్చుకొనవలసిన సొమ్మెంతో చెప్పు ఖాతా అవతలివాని పెట్టెలోనే ఉండి, దానిని చూచు హక్కు దలాలుకు లేనిచో ఏమగును? ఈ ప్రశ్నను నా ముందుకు తెచ్చినవాడు నా పూర్వ విద్యార్థి.

అతనిది అన్నవరము. రత్నగిరి దిగువను బస్సులు ఆగు చోట యాత్రికులకు బస చూపి, గదికింత అని లాడ్జీల వద్ద పుచ్చుకొనుట అతని వృత్తి. పెండ్లి ముహూర్తములలోను, కార్తిక మాసములోను క్షణము తీరిక ఉండదు. తక్కిన దినములలో తీరిక తప్ప మరేమియు ఉండదు. అట్టి తీరిక దినములలో అతడొక విదేశీ ఆన్‌లైన్ కాసినోకు ‘అఫిలియేట్’ అయినాడు. అనగా దలాలే, మాట మాత్రము కొత్తది. వారొక లింకు ఇచ్చినారు. ఆ లింకు ద్వారా చేరినవారు పోగొట్టుకొను సొమ్ములో నూటికి ముప్పది ఇతనివని ఒప్పందము.

ఒక ఆదివారము మా యింటికి వచ్చి, “మేష్టారండీ, మూడు నెలల నుంచి పైసా రాలేదండి. మీరు కామర్సు చెప్పారు కదండీ, గట్టిగా ఓ నోటీసు రాసిపెట్టండి” అన్నాడు.

షరతులను ఫోనులోనే చదివితిని. మొదటి నెలలో అతని మనుషులు నలుబది వేలు పోగొట్టుకొన్నారు. బోనసులనియు, ఖర్చులనియు కంపెనీ పదివేలు తీసివేసి, మిగిలిన ముప్పది వేలపై 9,000 రూపాయలు పంపినది. రెండవ నెలలో ఒకనికి అరువది వేలు వచ్చినవి. తక్కినవారికి ఇరువది వేలు పోయినవి. ఇతని ఖాతాలో నలుబది వేల లోటు వ్రాసినారు. ఆ లోటు నెలాఖరుతో చెరిగిపోదు, మరుసటి నెలకు ప్రాకును. మూడవ నెలలో ముప్పదియైదు వేలు పోయినను లోటు ఐదు వేలు మిగిలినది. నాలుగవ నెలలో నాలుగు వేలు పోగా ఇంకను వేయి రూపాయల లోటు. పైగా నెలకు ఐదుగురు కొత్తవారిని చేర్చనందున వాటాను ముప్పది నుండి పదునైదుకు తగ్గించినారు. ఎప్పుడైనను షరతులను మార్చుకొను అధికారము కంపెనీదేనని చివరనొక వాక్యము కలదు. ఉర్దూ చదివిన మిత్రులకు ‘దస్తూరీ’ యనగా వాడుక కమీషను, తెలుగువారికి చేతివ్రాత. ఈ బేరములో రెండును లేవు. ఒకచో వేలు తాకించుటయే సంతకము.

ఇందలి మోసము సున్నితమైనది. వేల మంది ఆటగాండ్రు గల జూదశాలకు ఒకని గెలుపు లెక్కలోనిది కాదు; మరియొకచోటి ఓటమి దానిని పూడ్చును. పదకొండుగురు మాత్రమే గల దలాలుకు ఒక్కని గెలుపు నెలల సంపాదనను మ్రింగివేయును. ముక్క పట్టకుండగనే అతడు జూదరి అయినాడు. లాడ్జి బేరములో యాత్రికుడు గదిలో దిగుట ఇతడు కన్నులార చూచును. ఇక్కడ తెర మీద వారు చూపిన అంకెలే సాక్ష్యము.

అట్టి దలాలుకు మన న్యాయస్థానములు దారి చూపకపోలేదు. కమీషను లెక్క యజమాని పుస్తకములలో మాత్రమే ఉన్నప్పుడు, ప్రత్యేక పరిస్థితులలో ఏజెంటు ఆ లెక్క చూపుమని దావా వేయవచ్చునని సుప్రీంకోర్టు 1966లో తీర్పు చెప్పినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను పందెపు ఒప్పందములు చెల్లవన్నది. కాని పందెమునకు అనుబంధమైన ఒప్పందము కేవలము ఆ కారణమున చట్టవిరుద్ధము కాదని 1959లో ఘేరూలాల్ పారఖ్ కేసులో తీర్పు వచ్చినది. హాపూరు వర్తకులతో గోధుమ పందెములు కాసిన భాగస్వాములలో ఒకడు నష్టములో తన పాలు ఇయ్యనని తిరుగబడిన కేసది. తీర్పు వ్రాసినది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. కామర్సు విద్యార్థులు చదువదగిన తీర్పు.

“అయితే మనం గెలుస్తామన్నమాటేనండీ!” అన్నాడు.

కాదు. ఆ తీర్పు పందెము చెల్లనిదే గాని నిషిద్ధము కాని చోటి మాట. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూద చట్టములను సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నడుపువారికే గాక వాటిని ప్రచారము చేయువారికిని శిక్ష విధించినది. చట్టము నిషేధించిన పనికి కమీషను ఇప్పించుమని ఏ కోర్టును అడుగుట? కంపెనీ లైసెన్సు చూడగా కరీబియన్ సముద్రములోని కురసావో ద్వీపముది. అక్కడికి నోటీసు పంపుట యనగా, డబ్బు రాకపోగా, తన నేరమును తానే కాగితము మీద పెట్టుట. ఆ మాటే చెప్పి, నోటీసు వ్రాయనంటిని.

అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఆ పట్టికను మరల తెరచినాడు. అందులో ఆటగాండ్ర పేర్లుండవు, నెంబర్లుండును. తేదీ, పోయిన సొమ్ము ఉండును. “ఈ నాలుగో నెంబరు మా బావదండి” అన్నాడు. మూడవ నెలలో ఒక్కదినమున పదునెనిమిది వేలు. బావ జీడిపిక్కలు అమ్మిన మరునాటి తేదీ అది. ఆ సొమ్ములో ఇతని వాటా ఎంతయని అంతవరకు లెక్కించుకొన్నవాడు, అది ఎవరి సొమ్మో అప్పుడు చూచినాడు. ఆ వాటా సైతము ఇతనికి దక్కలేదు. మరియొకని గెలుపు లోటులో కలిసిపోయినది.

నోటీసుకై తెచ్చిన తెల్ల కాగితము మీద నెంబర్ల కెదురుగా తెలిసిన పేర్లు వ్రాయుమంటిని. పదకొండింటికిని పేర్లు దొరికినవి. అందరును అన్నవరము, శంఖవరము వారే.

తరువాతి వారము ఫోను చేసినాడు. తొమ్మిదిమందిని ఇంటికి పోయి కలిసి, ఇక ఆడవద్దని చెప్పి, లింకును వారి ఎదుటనే తీసివేయించినాడట. బావకు మొదట చెప్పినాడు. అక్క నాలుగు దినములుగా మాటాడుట లేదట. మిగిలిన ఇద్దరును, పోయినది తిరిగి వచ్చువరకు ఆడక తప్పదన్నారట.