చెయ్యెత్తితే ఆగిన సూది

తెనాలిలో బట్టలు కుట్టి బ్రతికే ఒక దర్జీకి సూది కొత్త వస్తువు కాదు. ఇరవై ఏళ్ళుగా అది అతని వేళ్ళను గుచ్చుతూనే ఉంది. అతడు దాన్ని లెక్కచేయకుండా కుడుతూనే ఉన్నాడు. కాని పంటి డాక్టరు సూది అన్న మాట చెవిన పడితే చాలు, అతని అరచేతులకు చెమటలు పట్టేవి. తొమ్మిదేళ్ళ ప్రాయంలో ఇద్దరు భుజాలు పట్టుకొని, మరొకరు తల అదిమిపట్టి పన్ను పీకించిన రోజును అతడు మరువలేదు. ఆ తరువాత పన్ను ఎంత సలిపినా లవంగం నూనెతో సరిపెట్టుకున్నాడే గాని మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు.

అతని ఏడేళ్ళ కూతురికి కింది దవడలో పన్ను పిప్పి పట్టింది. రాత్రిళ్ళు లేచి ఏడవసాగింది. ఆస్పత్రికి బయలుదేరేముందు పాప అడిగిన ప్రశ్న ఒక్కటే: "సూది వేస్తారా నాన్నా?" అతడు తడుముకోకుండా జవాబిచ్చాడు: "సూదీ లేదు, ఏమీ లేదమ్మా. డాక్టరుగారు ఊరికే చూసి పంపించేస్తారు."

అక్కడ జరిగింది వేరు. వెనుక దాచిన సిరంజి పాప కంట పడనే పడింది. చేతులు పట్టుకోబోయారు, తన్నింది, కొరికింది. వైద్యం జరగకుండానే ఇంటికి తిరిగివచ్చారు. ఆ రాత్రి అన్నం దగ్గర పాప తండ్రి ముఖంలోకి చూసి, "నువ్వు లేదన్నావుగా" అన్నది. ఏడవలేదు, కోప్పడలేదు. ఆ ఒక్క మాటే అన్నది. ముప్ఫై ఏళ్ళనాడు తన భుజాలు పట్టుకున్నవారిలో తానూ ఒకడైనట్లు అతనికి తోచింది.

ఈ కథ ఏ ఒక్క ఇంటిదో కాదు. అల్లరి చేసే పిల్లలను "ఉండు, డాక్టరుగారితో సూది పొడిపిస్తాను" అని బెదిరించని ఇల్లు మనకు అరుదు. బెదిరింపుకు వాడిన వస్తువునే ఒకనాడు మేలు కోసం వాడవలసి వచ్చినప్పుడు పిల్లవాడు దాన్ని మేలుగా ఎలా నమ్మగలడు?

నొప్పి లేకుండా పంటివైద్యం చేయాలన్న తపన పాతదే. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కంటికి కొకెయిన్‌తో స్థానిక మత్తు ఇవ్వవచ్చునని చూపాడు. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన మందునే మన దేశంలో లిగ్నోకెయిన్ అంటున్నాము. నేడు పంటికి ఇచ్చే మత్తు చాలావరకు ఆ మందే. ఇందులో ఒక చిక్కు మిగిలింది: నొప్పిని పోగొట్టే మందు లోపలికి చేరవలసింది సూది ద్వారానే.

ఆ సూది ఎందుకు నొప్పి పెడుతుంది? మొదటిది మొన గుచ్చుకోవటం. రెండవది బిగువైన కండలోకి మందు తోసుకొని వెళ్ళేటప్పుడు కలిగే ఒత్తిడి. మూడవది మందులోని ఆమ్లగుణం. దానిలో కలిపే ఎడ్రినలిన్ చెడిపోకుండా ఉండటానికి ద్రావణాన్ని కొంత ఆమ్లంగా ఉంచుతారు, అందువల్ల మంట పుడుతుంది. ఈ మూడింటినీ పెద్దవి చేసి చూపేది భయం. భయపడిన బిడ్డకు ఒళ్ళంతా బిగుసుకుంటుంది, చిన్న స్పర్శ కూడా పోటులా తోస్తుంది.

దర్జీ ఈసారి కూతురిని గుంటూరులో పిల్లల దంతవైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాడు. మొదటినాడు ఆమె సూది ముట్టనే లేదు. పాప మాటలే విన్నది. అద్దం చూపించింది, గాలి గొట్టాన్ని పాప అరచేతి మీద ఊదించింది, ఆ తరువాతనే నోట్లో ఊదింది. ముందు చెప్పటం, తరువాత చూపటం, ఆ పైన చేయటం అనే ఈ క్రమాన్ని 1959లో ఎడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు ప్రతిపాదించాడు. పిల్లల దంతవైద్యులు నేటికీ మొదట నేర్చుకునే పాఠం అదే. ముఖం వాచినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఇలా తీరికగా నడవటానికి వీలుండదు. పైగా చీము పట్టిన చోట మత్తు సరిగా ఎక్కదు. పిల్లలను పన్ను సలపకముందే చూపించాలని వైద్యులు పోరేది ఇందుకే.

పాప మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. డాక్టరమ్మ అబద్ధమాడలేదు, భయపెట్టనూ లేదు. "పన్నును నిద్రపుచ్చటానికి మందు వేస్తాను. అది సన్నని సూదిలోంచి వస్తుంది. మీ నాన్న కుట్టే సూదికన్నా సన్నం. కాస్త చిటుక్కుమంటుంది. నీకు ఆగాలనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తు, నేను ఆపుతాను" అన్నది. అప్పుడే రెండుసార్లు చెయ్యెత్తించి, ఆపి చూపించింది కూడా.

మూడు రోజుల తరువాత అసలు పని జరిగింది. చిగురును దూదితో తుడిచి తడి లేకుండా చేసి, మొద్దుబార్చే జెల్లీమందు రాసి, రెండు నిమిషాలు ఆగింది. తడి మీద రాస్తే ఆ మందు జారిపోతుంది, ఆగకపోతే పనిచేయదు. చాలాచోట్ల తొందరలో వదిలేసేది ఈ రెండు నిమిషాలనే. సిరంజిలోని మందు చల్లగా లేకుండా చూసుకున్నది. గుచ్చే సమయంలో బుగ్గను వేళ్ళతో పట్టి మెల్లగా ఊపింది. మోచేతికి దెబ్బ తగిలితే వెంటనే రుద్దుకుంటాము కదా, ఇదీ అటువంటిదే. వెన్నుపాములో నొప్పి సందేశాలకు ఒక ద్వారం వంటిది ఉందని, స్పర్శ దాన్ని కొంత మూయగలదని మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు.

మందును ఆమె నిమిషానికి ఒక మిల్లీలీటరు మించకుండా బొట్టుబొట్టుగా ఎక్కించింది. సగంలో పాప చెయ్యి పైకి లేచింది. సిరంజి ఆగింది. పాప ఆమెనే చూస్తున్నది. "మందు లోపలికి వెళ్ళేటప్పుడు అలా బిగువుగా ఉంటుంది. పదిదాకా లెక్కపెడితే అయిపోతుంది, సరేనా?" అన్నది డాక్టరమ్మ. చెయ్యి తనంతట తానే కిందికి దిగింది.

ఈ కిటుకులలో ఏది అన్నిటికన్నా మేలైనదో తేల్చటం సులభం కాదు. పిల్లలు మత్తుసూదికి ఒప్పుకునేలా చేసే పద్ధతులపై 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష కూడా ఏ ఒక్కదానికీ పట్టం కట్టలేదు. చేతిఫోనులో బొమ్మల సినిమా చూపటం ఒక బిడ్డకు పనిచేస్తుంది. మరొక బిడ్డకు తల్లి చెప్పే కథ చాలు. మరీ బెదిరిన పిల్లలకు నైట్రస్ ఆక్సైడ్ పీల్పించే ఏర్పాటు ఉన్నది. మందు మోతాదును మాత్రం బిడ్డ బరువును బట్టి లెక్కకట్టి తీరాలి.

తల్లిదండ్రులకు డాక్టరమ్మ చెప్పిన మాటలు కొద్దివే. సూదితో బెదిరించవద్దు. లేదని బొంకవద్దు. కుర్చీ పక్కన నిలబడి "ఏం కాదు, ఏం కాదు" అని పదేపదే అనవద్దు. ఆ మాట వినగానే బిడ్డ ఏదో అవుతుందనే అనుకుంటుంది. పెద్దలు అలా ఓదారుస్తున్నకొద్దీ పిల్లల బెదురు పెరగటాన్నీ, ధ్యాస మళ్ళిస్తే తగ్గటాన్నీ పరిశోధకులు గమనించారు. ఇంటికి వెళ్ళాక రెండు మూడు గంటలపాటు, తిమ్మిరి పూర్తిగా వదిలేదాకా, బిడ్డ పెదవినీ బుగ్గనూ కొరుక్కోకుండా కనిపెట్టి ఉండాలి. తిమ్మిరెక్కిన పెదవి పిల్లలకు ఆటవస్తువులా ఉంటుంది. పుండు పడిన సంగతి తిమ్మిరి వదిలాక గాని తెలియదు.

దర్జీ ఆ సాయంత్రం మిషను దగ్గరికి పోలేదు. పాప పక్కనే కూర్చుని పెదవి కొరకనీయకుండా కథలు చెప్పాడు. నొప్పి పుట్టిందా అని అడిగితే "కొంచెం" అన్నది పాప. కాసేపయ్యాక, ఒకవైపే నవ్వు తిరిగే నోటితో, "నీ పన్ను ఎప్పుడు చూపించుకుంటావు నాన్నా? నీకూ రాత్రిళ్ళు నొప్పి వస్తుందిగా" అన్నది.

తీరిక లేదని చెప్పవచ్చు. నాకు నొప్పే లేదనవచ్చు. రెండూ అతని నాలుక చివరిదాకా వచ్చాయి.

"నాకు భయం అమ్మా" అన్నాడు.

పాప కొంతసేపు ఆలోచించింది. "చెయ్యెత్తితే ఆపుతారు నాన్నా" అన్నది.