సాల దుమ్ము, పొయ్యి పొగ



మొన్న సంక్రాంతి సెలవులకి మా ఊరి నుంచి హాస్టల్లో చదువుతున్న ముగ్గురం ఇంటికెళ్ళాం. మాది పాడేరు వైపు, చలి సంగతి మీకు తెలిసిందే. మా పెద్దమ్మ మనవడికి దగ్గు. రెండేళ్ళోడు. "మంచుకి వచ్చిన దగ్గే, తగ్గిపోద్దిలే" అన్నాం. డిగ్రీ చదువుతున్నోళ్ళం, మేమే అలా అనేశాం. మూడో రోజుకి వాడు డొక్కలు ఎగరేస్తుంటే భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాం. ఆసుపత్రిలో నెమ్ము అన్నారు. దేవుడి దయవల్ల బతికాడు. కానీ నర్సమ్మ అడిగిన మాట ఇంకా వదల్లేదు: "వీడిని రాత్రి ఎక్కడ పడుకోబెడతారు?"

పొయ్యి పక్కనే. చలికి ఇంకెక్కడ?

పొలంలో పెరిగినోళ్ళకి ఊపిరి జబ్బులు రావు, అవి పట్నం పిల్లలకే అని మనకో ధీమా. హాస్టల్‌కి వచ్చాక చదివితే అందులో సగం నిజమేనని తెలిసింది. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు రైతు సమాజాలున్నాయి. ఇద్దరి పూర్వీకులూ యూరప్ నుంచి వచ్చినోళ్ళే. తేడా సేద్యంలో. ఆమిష్‌వాళ్ళు గుర్రాలతో దున్నుతారు, పశువుల సాల ఇంటి దగ్గరే, పిల్లలు అక్కడే ఆడతారు. హటరైట్లది పెద్ద యంత్రాల సేద్యం. 2016లో అచ్చయిన పరిశోధన ప్రకారం బడి వయసు పిల్లల్లో ఉబ్బసం ఆమిష్‌లో సుమారు 5 శాతం, హటరైట్లలో 21 శాతం. సాల నుంచి ఇంట్లోకొచ్చే దుమ్ములోని సూక్ష్మజీవులు చిన్నప్పుడే తగిలితే, ఒంటి రక్షణ శక్తి ప్రతిదానికీ రెచ్చిపోకుండా ఉంటుందని వాళ్ళ వివరణ.

కాబట్టి పేడ ఎత్తి, మేకపిల్లలతో ఆడి పెరిగామని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

కానీ అది ఉబ్బసం మాట. నెమ్ము వేరు. పొయ్యి పొగ పీల్చే ఐదేళ్ళలోపు పిల్లలకి నెమ్ము వచ్చే ముప్పు దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అలాగని అమ్మల్ని అనడానికి లేదు. పొయ్యే మనకి చలిమంట. దాని మీద వేలాడదీసిన విత్తనం కంకులకి పురుగు పట్టకుండా కాసేది కూడా ఆ పొగే. గ్యాస్ బండ కొనాలన్నా, కొండెక్కించాలన్నా ఎంత కష్టమో మనకి తెలుసు.

అందుకే పొయ్యి ఆర్పమనట్లేదు. మేము చేసింది చెప్తాం. పిల్లోడి పక్క పొయ్యికి దూరంగా, పొగ తిరగని మూలకి మార్చి ఇంకో దుప్పటి కప్పాం. పచ్చి కట్టెలు మానేసి ఎండువి పేర్చాం. పెద్దమ్మ రెండ్రోజులు సణిగింది, తర్వాత తనే పక్క వేస్తోంది.

ఇంకోటి నేర్చుకోండి. దగ్గుతున్న బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, ఫోన్లో ఒక నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు దాటి ఏడాది లోపైతే 50, ఏడాది నుంచి ఐదేళ్ళైతే 40, అంతకంటే ఎక్కువున్నా ఆసుపత్రికే. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా వద్దు, వెంటనే బయల్దేరండి. మేము మూడు రోజులు ఆగాం. మీరు ఆగొద్దు.

ఈసారి ఇంటికెళ్ళగానే మీ ఇంట్లో చంటోళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో చూసి ఇక్కడ రాయండి.

జై ఆదివాసీ.