కొండవాలు తోటలో బెల్టు చిప్పర్

కాఫీ కోత ముగిశాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి తోటల్లో కొమ్మ కత్తిరింపులు మొదలవుతాయి. కాపు అయిపోయిన రెమ్మలు, నిలువునా పొడుచుకొచ్చిన పిలకలు, ఎండు పుల్లలు నేల మీద కుప్పలు పడతాయి. వానలకు ముందు నీడ పలచన చేయడానికి సిల్వర్ ఓక్ పక్క కొమ్మలు కూడా దించుతారు. లావుపాటి కట్టె పొయ్యిలోకి పోతుంది, దుంగ అయితే కలప లారీ ఎక్కుతుంది. మిగిలేదంతా మణికట్టుకన్నా సన్నని సరుకు. వంటకు నిలవదు, అమ్మబోతే కొనేవాడుండడు, నడవబోతే కాళ్లకు అడ్డం. చాలాచోట్ల దానికి అగ్గిపుల్లే గతి.

కాలిస్తే ఒక్క పూటలో దారి ఖాళీ అయ్యే మాట నిజమే. కానీ కొమ్మలోని నత్రజని పొగతో పాటే పోతుంది. బూడిదలో మిగిలిన పొటాషు, సున్నం తొలి జడివానకు వాలు వెంట జారి గెడ్డలో కలుస్తాయి. అవే కొమ్మలను తునకలు కొట్టి చెట్ల మధ్య పరిస్తే ఎర్రనేలలో తడి త్వరగా ఆరదు, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. ఆ తునకలు కొట్టే యంత్రమే చిప్పర్: బరువైన ఇనుప చక్రం, దానికి బిగించిన కత్తులు, ఎదురుగా కదలని ఆనుడు పలక, కొమ్మను తోసే తొట్టి. ఇక దాన్ని తిప్పేదెవరన్నదే ప్రశ్న.

అమెరికాలో పెరటి పచ్చికను కోయడానికి వాడే చిన్న బండిని గార్డెన్ ట్రాక్టర్ అంటారు. గడ్డి కోసే బ్లేళ్లను అందులో ఇంజిను బెల్టుతోనే తిప్పుతుంది కాబట్టి, గడ్డి కాలం పోయాక అదే ఇంజిను పుల్లీకి చిప్పర్‌ను తగిలించుకోవడం అక్కడివాళ్లకు తేలిక. మన దగ్గర దానికి వరసైనవి మినీ ట్రాక్టరు, పవర్ టిల్లరు. మినీ ట్రాక్టరు వెనక పనిముట్లకు ఇంజిను శక్తిని అందించే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. రోటవేటరుకు ఆ వేగం సరిపోతుంది గానీ చిప్పర్‌కు చాలదు. కత్తుల చక్రం తన బరువులో దాచుకున్న ఊపుతోనే కొమ్మను నరుకుతుంది. వేగం సగమైతే ఆ ఊపు నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు కొమ్మ తెగదు, నలుగుతుంది.

అందుకే మధ్యలోకి బెల్టు వస్తుంది.

షాఫ్ట్ మీద 15 అంగుళాల పుల్లీ, చిప్పర్ మీద 5 అంగుళాల పుల్లీ పెడితే 540 కాస్తా 1620 అవుతుంది. ఇంకా చిన్న పుల్లీ పెడితే వేగం మరింత పెరుగుతుందని ఆశ పుడుతుంది. కానీ బీ సైజు వీ బెల్టు 5 అంగుళాలకన్నా చిన్న పుల్లీ చుట్టూ వంగితే లోపలి దారాలు అలిసిపోయి, బెల్టు కొద్ది రోజులకే పగులుతుంది. దానికితోడు చిన్న పుల్లీని బెల్టు తక్కువ మేర చుట్టుకుంటుంది, పట్టు తగ్గుతుంది. ఇరవై గుర్రాల లోపు మినీ ట్రాక్టరుకు ఒక్క బెల్టు చాలదు, మూడు నాలుగు గాడుల పుల్లీ కావాలి. వాటిలో ఒకటి తెగితే ఆ ఒక్కటే మార్చడం దండగ. పాతవి సాగి ఉంటాయి కనుక కొత్తదే మొత్తం బరువు మోసి, ముందుగా అదే తెగుతుంది. మార్చితే అన్నీ ఒకేసారి మార్చాలి.

బెల్టుకు రెండో గుణం కూడా ఉంది, కొండ తోటలో అసలు విలువ దానిదే. కొమ్మ మధ్యలో బొడిపె తగిలిందనుకోండి, మట్టిలో కలిసి ఒక రాయి వెళ్లిందనుకోండి. షాఫ్ట్‌ను నేరుగా కప్లింగుతో కలిపి ఉంటే ఆ దెబ్బ గేరుబాక్సు దాకా పోతుంది. మధ్యలో షియర్ బోల్టు పెడితే అది తెగి కాపాడుతుంది గానీ, తెగిన ప్రతిసారీ పానా పట్టుకుని కూర్చోవాలి. బెల్టు మాత్రం ఇంట్లో ఫ్యూజు తీగ లాంటిది, పైగా కాలిపోకుండానే పని చేస్తుంది. కీచుమని జారుతుంది, రబ్బరు కమురు వాసన వేస్తుంది, నడిపేవాడు చెయ్యి ఆపేలోగా గేరుబాక్సుకు వచ్చే ముప్పు తప్పిస్తుంది. మండల కేంద్రంలో దొరకని గేరు కోసం విశాఖపట్నం దాకా దిగాల్సిన చోట ఈ జారుడు ఖర్చు తగ్గించే గుణం.

పక్కలు వాలుగా ఉండే ఈ వీ బెల్టు వయసు వందేళ్లు దాటింది. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ మోటారు కార్ల ఫ్యాన్ కోసం దాన్ని చేశాడు. బలం దాని అడుగున ఉండదు, రెండు పక్కల్లో ఉంటుంది. గాడి గోడల మధ్య ఇరుక్కుని లాగుతుంది. బెల్టు అరిగి గాడి అడుగును తాకిందంటే దాని పని అయిపోయినట్టే. గ్రీజు మరక పడ్డా అంతే. దుకాణంలో బీ-60 అడిగితే లోపలి చుట్టుకొలత 60 అంగుళాల బెల్టు తీసిస్తారు. బిగింపు చూడడానికి పరికరం అక్కర్లేదు. పుల్లీల మధ్య 20 అంగుళాల నిడివి ఉంటే, మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు ఎనిమిది మిల్లీమీటర్లు దిగాలి. అంతకు మించితే జారుతుంది, బొత్తిగా దిగకపోతే బేరింగులు వేడెక్కుతాయి.

ఈ విద్య ఇక్కడివాళ్లకు కొత్తదేమీ కాదు. ఘాట్ రోడ్డు దిగితే అనకాపల్లి. బెల్లానికి దేశంలోనే పేరున్న మార్కెట్టు అది. ఆయిలు ఇంజిను నుంచి చెరకు గానుగకు, రైసు మిల్లుకు బెల్టు వేసి, పుల్లీలు వరసకు తెచ్చిన చేతులు ఆ చుట్టుపక్కల వర్కుషాపుల్లో బోలెడు. చిప్పర్ దగ్గర వాళ్లు అదనంగా చూసుకోవలసింది తిరిగే దిశ. వెనక నిలబడి చూస్తే పీటీవో గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. పాత చదును పట్టాను మెలితిప్పి దిశ మార్చినట్టు వీ బెల్టును మార్చలేరు. చిప్పర్‌ను అటు ముఖం ఇటు పెట్టి బిగిస్తే కత్తి వీపు కొమ్మను గుద్దుతుంది. బరువు కూడా లెక్క చూడాలి. ఏడెనిమిది వందల కిలోల బండి వెనక రెండు వందల కిలోల ఇనుము వేలాడితే ముందు చక్రాలు తేలిపోతాయి. ముందు బరువులు బిగించాల్సిందే, చదును నేల చూసి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాల్సిందే.

జాలీ కవరు లేని బెల్టు దగ్గరికి కండువాతో, లుంగీతో, చీర చెంగుతో పోకూడదు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న కూలీల కథలు పెరిగిపోయాకే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. నూర్పిడి యంత్రంలోకి కంకిని మనిషే తోయాలి. చిప్పర్ అయితే కొమ్మను తానే లాక్కుంటుంది, కొమ్మకు చుట్టుకున్న తీగనూ, ఆ తీగలో ఇరుక్కున్న వేలినీ కూడా. తొట్టి చెయ్యి పొడుగును మించి ఉండాలనేది అందుకే. ఇంజిను ఆపాక కూడా చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా మూత తీయకూడదు.

దొరికిన కొమ్మనల్లా చిప్పర్‌కు పెట్టకూడదు కూడా. అరబికా కాండాన్ని తొలిచే తెల్ల పురుగు పట్టిన మొక్కను పీకి కాల్చేయమనే కాఫీ బోర్డు సలహా. ఆ కట్టెను తోటల మధ్య లాక్కుంటూ చిప్పర్ దాకా తెచ్చి, కుప్పగా ఉంచితే పురుగు రెక్కలు తొడుక్కుని ఎగిరిపోవచ్చు. 2025 ఆగస్టులో అరకు లోయలో కాయ తొలిచే బెర్రీ బోరర్ బయటపడినప్పటి నుంచి ఏది ఏ తోట నుంచి ఏ తోటకు కదులుతోందన్న పట్టింపు ఇంకా పెరిగింది. కాయలు అంటుకుని ఉన్న రెమ్మలను పక్క ఊరి చిప్పర్ దగ్గరికి మోసుకుపోవడం మంచిది కాదు. చిప్పర్ కూడా ఒక తోట వదిలి మరో తోటకు పోయేముందు తొట్టి, చక్రం దులుపుకుని పోవాలి.

ట్రాక్టరు ఎక్కలేని వాలు తోటలు ఏజెన్సీలో ఎక్కువ. అక్కడ పవర్ టిల్లరు పనికొస్తుంది. చాలా మోడళ్లలో ఇంజిను నుంచి గేరుబాక్సుకు శక్తి పోయేదే వీ బెల్టుల మీద. ఆ బెల్టులు తప్పించి ఇంజిను పుల్లీ నుంచే చిన్న చిప్పర్‌ను తిప్పవచ్చు. అయితే ఒక్క రైతు ఎకరం, రెండెకరాల తోటకు సొంత చిప్పర్ కొంటే ఏడాదిలో చాలా నెలలు అది పాకలో తుప్పు పడుతుంది. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద అద్దె యంత్రాల కేంద్రాలకు సాయం ఉంది. రైతు సంఘం కొని, ఊరూరా తిప్పితేనే లెక్క కుదురుతుంది.

తునకలను మట్టిలో కలిపేస్తే అవి కుళ్లే క్రమంలో నేలలోని నత్రజనిని లాక్కుంటాయి. పైన పరచాలి, అదీ కాఫీ మొదలుకు జానెడు ఎడంగా. అంతకన్నా మంచి చోటు కాఫీ పండు తొక్క తీసే పల్పింగ్ యూనిట్ వెనక ఉంటుంది. పండు బరువులో దాదాపు నలభై శాతం తొక్కే. తడిగా, నత్రజనితో నిండి, ఒంటరిగా కుప్ప పోస్తే కుళ్లు కంపు కొడుతుంది. పొడి తునకలు పొరలుగా కలిస్తే గాలాడి మంచి కంపోస్టు అవుతుంది. చిక్కల్లా కాలాలది. తొక్క నవంబరు నుంచి వస్తుంది, తునకలు మార్చిలో. అందుకని చిప్పర్‌కు ఖర్చు లెక్క వేసే సంఘం ఒక రేకుల షెడ్డు ఖర్చు కూడా అందులో రాసుకోవాలి. ఈ మార్చి తునకలు వానలకు తడవకుండా వచ్చే నవంబరు దాకా ఉండాల్సింది అందులోనే.