ఒడి చాలని చోటు

ఆ రోజు మా వాడి నుదుటి మీద లేచిన బొప్పి ఉసిరికాయంత కూడా లేదు. రెండు రోజుల్లో తగ్గిపోయింది. కానీ ఆ రెండు రోజులూ మా అమ్మ మనవణ్ణి ఎత్తుకోలేదు.

అది 2023 సంక్రాంతి. హైదరాబాద్ నుంచి గుడివాడ వెళ్తున్నాం. నేను కారు నడుపుతున్నాను. పక్కన నా భార్య. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒడిలో ఎనిమిది నెలల మా వాడు. పండగ రద్దీలో పంతంగి టోల్ ప్లాజా దాటేసరికే బాగా పొద్దెక్కింది. సూర్యాపేట దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది. హమ్మయ్య అనుకుంటుండగా రాంగ్ రూట్లో ఓ మోటార్ సైకిల్ ఎదురొచ్చింది. బ్రేక్ మీద నిలబడ్డాను. కారు ఆగింది. బైకు మీదున్న మనిషి ఏమీ జరగనట్టు పక్కనుంచి వెళ్లిపోయాడు. అప్పుడు వినిపించింది ఏడుపు. అమ్మ చేతుల్లోంచి వాడు ముందుకు జారి, నా సీటు వెనక భాగానికి తల కొట్టుకున్నాడు.

మేం దేన్నీ ఢీకొనలేదు. గట్టిగా బ్రేక్ వేశాను, అంతే.

కోదాడలో పిల్లల డాక్టరుకు చూపించాం. భయం లేదన్నారు. కానీ గుడివాడ చేరేదాకా అమ్మ ఒకటే మాట. "గట్టిగానే పట్టుకున్నానురా. ఎలా జారిపోయాడో తెలీదు."

ముగ్గురు పిల్లల్నీ, నలుగురు మనవల్నీ ఒళ్లో పెట్టుకుని ఎర్ర బస్సుల్లో, ప్యాసింజర్ రైళ్లలో ఊళ్లు తిప్పిన మనిషి ఆవిడ. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. పండగ మూడు రోజులూ ఆవిడ ముఖంలో కళ లేదు.

ఆవిణ్ణి ఓదార్చడానికి ఓ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. టెన్త్ క్లాసు ఫిజిక్సు చాలు. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో వెళ్తున్న కారు దేన్నయినా ఢీకొని సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోతే, లోపలున్న 10 కిలోల బిడ్డను పట్టి ఆపడానికి సుమారు 140 కిలోల బరువును మోసేంత బలం కావాలి. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదారు ఒక్కసారిగా చేతుల్లోంచి ఎగిరిపోబోతే ఆపినట్టు. అది అమ్మ వల్లే కాదు, ఏ పహిల్వాను వల్లా కాదు.

"నీ తప్పేం లేదమ్మా. ఎవరు పట్టుకున్నా అంతే" అన్నాను.

ఆవిడ ఆ కాగితం కేసి చూసి, "మరి తప్పెవరిదిరా?" అంది.

నాదే. ఆరు లక్షలు పోసి కారు కొన్నాను. మ్యూజిక్ సిస్టమ్ పెట్టించాను, సీటు కవర్లు వేయించాను. బిడ్డ ఎక్కడ కూర్చుంటాడన్నది మాత్రం ఆలోచించలేదు. కూతురి కాన్పుకు అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లు, కారు సీటు ఉంటేనే ఆస్పత్రి నుంచి బిడ్డను ఇంటికి పంపారని చెబితే విని నవ్వుకున్నవాణ్ణి నేను. మన దగ్గర ఒడి ఉందిగా అనుకునేవాణ్ణి.

హైదరాబాద్ తిరిగొచ్చిన వారానికే సీటు వేటలో పడ్డాం. ఎనిమిది నెలల బిడ్డకు, నెలల పిల్లల బుట్ట లాంటి సీటు కొంటే నాలుగు రోజుల్లో ఇరుకైపోతుంది. అందుకే 'కన్వర్టిబుల్' కొందామనుకున్నాం. ఒకే సీటును మొదట బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేలా బిగిస్తారు. పెరిగాక తిప్పి ముందుకు బిగిస్తారు.

మొదటి షాపులో కుర్రాడు చకచకా ఓ సీటు తీసి ముందు వైపుకే పెట్టి చూపించాడు. "బాబు బాగా ఉన్నాడు కదా సర్. తొమ్మిది కిలోలు దాటితే ముందుకే పెట్టుకోవచ్చు. వెనక్కి తిప్పితే కాళ్లు ముడుచుకోవాలి, ఏడుస్తాడు" అన్నాడు. మాకూ అదే నచ్చింది. ముందుకు ఉంటే వాడు మమ్మల్ని చూస్తాడు, రోడ్డు చూస్తాడు. కొనేసేవాళ్లమే. నా భార్యకు అనుమానం వచ్చి, "చదివి చూద్దాం, రేపొద్దాం" అంది.

చదివితే తెలిసింది, కుర్రాడు చెప్పింది సగమే నిజమని. మన మార్కెట్లో కనిపించే చాలా సీట్ల మీద ఆర్ 44 అనే ఐరోపా ప్రమాణం ముద్ర ఉంటుంది. అది బరువును బట్టి విభజిస్తుంది. వెనక్కి తిరిగి కూర్చోవడం 13 కిలోల దాకా, ముందుకు కూర్చోవడం 9 నుంచి 18 కిలోల దాకా. ఈ 9 కిలోలు కనీస బరువు. ఆ రోజే తిప్పేయమని అర్థం కాదు. ఆ తర్వాత వచ్చిన ఆర్ 129 ప్రమాణం ఎత్తును లెక్కలోకి తీసుకుంటుంది. 15 నెలలు నిండని బిడ్డను ముందుకు తిప్పడాన్ని అది ఒప్పుకోదు. రెండేళ్ల దాకా వెనక్కే కూర్చోబెట్టమని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2011లో సలహా ఇచ్చింది. 2018లో ఆ వయసు గీతను కూడా చెరిపేసి, సీటు అనుమతించే బరువు, ఎత్తు వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ల పిల్లలు కూడా అలాగే కూర్చుంటారు.

కారణం బిడ్డ ఒంట్లోనే ఉంది. పుట్టిన బిడ్డకు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే. దాన్ని మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ఎదురుగా దేన్నయినా ఢీకొన్నప్పుడు, ముందుకు తిరిగి ఉన్న బిడ్డ ఒంటిని పట్టీలు ఆపుతాయి, కానీ తల ఆగదు. ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు గుల్లలో ఒత్తుకుంటాయి. దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. స్వీడన్ ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964లో ఇలాంటి తొలి సీటు నమూనా చేయడానికి ప్రేరణ, జెమిని వ్యోమనౌకలో వెల్లకిలా పడుకుని వెళ్లే వ్యోమగాముల సీట్లేనట. కాళ్లు ముడుచుకోవడం గురించి మా పిల్లల డాక్టరును అడిగాను. ఆయన నవ్వి, "ఇంట్లో ఎలా కూర్చుంటాడో చూడండి. బాసింపట్టు వేసుకుని గంటలు గంటలు ఆడుకోడూ?" అన్నారు.

రెండోసారి షాపుకు కారుతో సహా వెళ్లాం. అది ఎంత మంచి పనయిందో అక్కడే తెలిసింది. మాకు నచ్చింది ఖరీదైన సీటు. పుట్టినప్పటి నుంచి 36 కిలోల దాకా పనికొస్తుందని, ఒక్కసారి కొంటే పన్నెండేళ్లు చూసుకోనక్కర్లేదని చెప్పారు. తీరా వెనక్కి తిప్పి బిగించబోతే మా కారు బెల్టు దాని చుట్టూ తిరిగి రాలేదు, జానెడు తక్కువైంది. ఐసోఫిక్స్ కొక్కేలుంటే ఈ బాధ ఉండదు. మా పాత మోడల్లో అవి లేవు. రెండో సీటుకు బెల్టు సరిపోయింది కానీ, దాన్ని తగినంత వాల్చితే ముందు సీటు డాష్‌బోర్డుకు ఆనుకుంది. మూడోది సాదాసీదాది. 18 కిలోల దాకానే వస్తుంది. ధర 11 వేలు. అది చక్కగా కూర్చుంది. బెల్టు దూరే చోట పట్టుకుని కుదిపితే అంగుళం కూడా కదల్లేదు.

ఏది మంచి సీటు అని నన్ను ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను. మీ బిడ్డకు, మీ కారుకు సరిపోయేది, ప్రతిసారీ సరిగ్గా బిగించగలిగేది. మిగతావి రంగులు, గ్లాసు హోల్డర్లు.

దగ్గరి బంధువొకరు తమ పాత సీటు ఊరికే ఇస్తామన్నారు. మొహమాటపడుతూనే వద్దన్నాను. ఆ కారు ఓసారి లారీని గుద్దిందని నాకు తెలుసు. పైకి పగుళ్లు కనబడకపోయినా ఒక దెబ్బ తిన్న సీటును మళ్లీ నమ్మకూడదు. సీటు అడుగున గడువు తేదీ ఉంటే అదీ చూసుకోవాలి.

సీటొచ్చింది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. అమ్మకు అది నచ్చలేదు. నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ తన చేతుల మీద నమ్మకం లేకే తెచ్చామని ఆవిడ అనుకుంటోందని అర్థమవుతూనే ఉంది. మొదటి రోజు వాణ్ణి కూర్చోబెట్టగానే గుక్కపెట్టి ఏడ్చాడు. "చంటిపిల్లాణ్ణి అలా కట్టేస్తే ఏడవడా మరి?" అని అమ్మ ముఖం తిప్పుకుంది. అపార్ట్‌మెంట్ కింద కనబడిన పెద్దావిడ కూడా, "పాపం, పసివాణ్ణి అలా కట్టేశారేంటి బాబూ" అంది.

ఆ చిక్కు విప్పింది నా భార్య. "అత్తయ్యా, చీర ఉయ్యాల కట్టినప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగింది.

అమ్మ ఉయ్యాల కట్టడం మా ఇంట్లో అందరికీ తెలుసు. ముడి వేశాక రెండుసార్లు గుంజుతుంది. తర్వాత తన బరువంతా దాని మీద వేసి వేలాడుతుంది. అది ఆగిందంటేనే బిడ్డను పడుకోబెడుతుంది.

"ఇదీ ఉయ్యాలే అత్తయ్యా. ముడి మీరే చూడాలి."

ఎలా చూడాలో ఆవిడకు నేర్పింది. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పట్టీలు భుజాలకు సమానంగానో కాస్త కిందుగానో రావాలి. ముందుకు తిప్పాక సమానంగానో కాస్త పైనో ఉండాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లాలి. మడత దొరికిందంటే వదులన్నమాట. చలికాలమైనా లోపల మందపాటి స్వెట్టర్ వేయకూడదు. వేస్తే పట్టీ బిగిసినట్టే ఉంటుంది, కానీ ఒంటికి ఆనదు. కావాలంటే బిగించాక పైన దుప్పటి కప్పాలి. ఎండాకాలంలో బకిల్ చేత్తో తాకి చూడాలి, కాలిపోతుంటుంది. బిడ్డ తల పై భాగం సీటు అంచుకు అంగుళం లోపు వచ్చిందంటే వెనక్కి కూర్చునే రోజులు అయిపోయినట్టే.

అప్పటి నుంచి ఆ పని అమ్మదే. మేం ఎంత తొందరలో ఉన్నా ఆవిడ గిల్లి చూడందే కారు కదలదు. "మడత వస్తోంది, బిగించు" అంటుంది. మా వాడు పది పన్నెండు రోజులు ఏడ్చి, ఇక లాభం లేదనుకున్నాడో ఏమో, మానేశాడు. ఇప్పుడు కారెక్కిన పది నిమిషాలకే నిద్రపోతాడు. గమ్యం చేరాక మాత్రం సీట్లోంచి తీసి పడుకోబెడతాం. అది ప్రయాణానికే గానీ, గంటల తరబడి నిద్రపుచ్చడానికి కాదు.

వెనక్కి తిప్పిన సీటును ముందు పెట్టకూడదు. ఎదుట ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే బిడ్డ ప్రాణం మీదకు వస్తుంది. మా సీటు వెనక ఎడమ వైపు ఉంటుంది. దాని ముందు సీట్లో, కాస్త ఇరుకైనా, పొట్టిగా ఉండే నా భార్య సర్దుకుంటుంది. సీటు పక్కన అమ్మ. ఆవిడా బెల్టు పెట్టుకుంటుంది. మొదట్లో పెట్టుకునేది కాదు. "నువ్వు పెట్టుకోకపోతే నీ బరువంతా వాడి మీద పడుతుందమ్మా" అంటే మర్నాటి నుంచి పెట్టుకుంది.

ఇంత చెప్పాక ఒక సంగతి దాచలేను. ఆటో ఎక్కినప్పుడు మా వాడు మళ్లీ ఒళ్లోకే వస్తాడు. క్యాబ్ పిలిచినప్పుడు ఈ సీటు మోసుకెళ్లి బిగించేదాకా ఆగే ఓపిక డ్రైవర్‌కు ఉండదు, చాలాసార్లు మాకూ ఉండదు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ తప్పనిసరి అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. ఇన్నేళ్లలో నన్ను ఆపి హెల్మెట్, లైసెన్సు, పొల్యూషన్ కాగితం అడిగారు గానీ, బిడ్డ ఎక్కడ కూర్చున్నాడని ఎవరూ అడగలేదు. ఈ దేశంలో ఎక్కువమంది పసిపిల్లలకు కారే లేదు. తండ్రి బైకు పెట్రోల్ ట్యాంకు మీదో, తల్లిదండ్రుల మధ్య ఇరుక్కునో వెళ్తారు. బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు నడుపుతున్నవారితో కలిపి కట్టే పట్టీ, హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2022లో నిబంధన తెచ్చారు. 2023 ఫిబ్రవరి నుంచి అమలు. మా వీధిలో అలాంటి పట్టీని నేనింకా ఒక్కటీ చూడలేదు. 11 వేలు పెట్టి సీటు కొనగలిగినందుకు గర్వపడాల్సిందేమీ లేదు. కొనగలిగి కూడా ఎనిమిది నెలలు కొనకుండా ఉన్నానే, అది మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

మా వాడికి ఇప్పుడు మూడేళ్లు దాటాయి. 13 కిలోలకు దగ్గరపడ్డాక, రెండున్నరేళ్లప్పుడు సీటును ముందుకు తిప్పాం. ఆ రోజు వాడి సంబరం చూడాలి. రోడ్డు మీద ప్రతి లారీకీ స్వాగతం చెప్పాడు. మొన్న గుడివాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక, అదే చోట, అలవాటుగా కాలు బ్రేక్ మీదకు వెళ్లింది. అద్దంలో వెనక్కి చూశాను. వాడు నిద్రపోతున్నాడు. పక్కన అమ్మ కూడా కునుకు తీస్తోంది. ఆవిడ చెయ్యి వాడి చేతిలో ఉంది.