మోచేతి లోతు

తెల్లవారుజామున అయిదింటికల్లా గట్టు మీదుండాలన్నారు. చెరువు ఒంట్లో ఎలా ఉందో తెలిసేది ఆ వేళకేనట. కైకలూరులో ఆటో ఎక్కి కొల్లేటి వైపు వెళ్తుంటే అటూ ఇటూ నీళ్లే, మధ్యలో గట్లు. ఊరి పేరు మాత్రం రాయొద్దండీ అన్నారు. ఎందుకో కాసేపటికి తెలిసింది.

పద్నాలుగు మంది వచ్చారు. అందరూ రెండెకరాలు, మూడెకరాలు చేసుకునేవాళ్లే, ఎక్కువ మందివి లీజు చెరువులు. వరి రైతులకు పొలంబడి ఉన్నట్టే ఇదీ ఒక బడి. బల్లల్లేవు, బోర్డు లేదు. పాఠం చెప్పేది గ్రామ మత్స్య సహాయకురాలు. పాతికేళ్లుంటాయేమో. తండ్రి వయసు వాళ్లు కూడా ఆమెను ‘మేడం’ అనే పిలుస్తున్నారు, కొంచెం నవ్వుతూ.

ఆమె ముందుగా చిన్న సీసాలో గాలి బుడగ చేరకుండా నీళ్లు పట్టింది. రెండు మందులు చుక్కలు వేసి మూత పెట్టి తిప్పింది. నీళ్లలో గోధుమ రంగు మడ్డి కట్టింది. “ఇది తెల్లగానే ఉండిపోతే నీళ్లలో ప్రాణవాయువు లేనట్టే” అంది. ఇంకో మందుతో ఆ మడ్డి కరిగి నీళ్లు తేనె రంగుకొచ్చాయి. గంజి చుక్క పడగానే ముదురు నీలం. అక్కణ్నుంచి ఆ నీలం పోయేదాకా మరో మందు వేస్తూ చుక్కలు లెక్కపెట్టడం ఆమె పని కాదు, రైతులది. రంగు పోయేసరికి లీటరుకు మూడు మిల్లీగ్రాములు తేలింది. అయిదుంటే నిశ్చింతగా ఉండొచ్చు. పగలంతా ఎండలో నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే నాచు చేపలతో పోటీపడి పీల్చుకుంటుంది. అందుకే తెల్లారేసరికి అడుగంటుతుంది. చెరువు మధ్యలో శీలావతులు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతూ కనపడ్డాయి.

ఒక పెద్దాయన లుంగీ ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. చెయ్యి నిలువుగా ముంచాడు. మోచెయ్యి తడవకముందే అరచెయ్యి మాయమైంది. “మా నాన్న ఇలాగే చూసేవాడండి. నీళ్లు చిక్కబడ్డాయి.” ఆమె ఆ పద్ధతిని తీసెయ్యలేదు. డబ్బా మూతకి నలుపూ తెలుపూ రంగులేసి తాడు కట్టిన బిళ్లను అదే చోట దింపించింది. ఇరవై రెండు సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోయింది. పాతిక, నలభై మధ్య ఉండాల్సింది. ఎరువు ఆపాలి, మబ్బు పట్టిన రోజు మేత కూడా ఆపాలి. పెద్దాయన జేబులోంచి కొట్టు బిల్లు తీసి దాని వెనక ‘22’ అని రాసుకున్నాడు. ఆ రోజు నేను చూసిన పాఠాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ బిల్లు మేతల కొట్టుది. చిన్న రైతుకి మేత అరువిచ్చేది వాళ్లే, చేపకి జబ్బొస్తే డాక్టరూ వాళ్లే. ఏ మందు పొయ్యాలో బాకీ ఉన్న చోటే అడగాలి, వాళ్లిచ్చిందే పొయ్యాలి. ఊరి పేరు ఎందుకొద్దన్నారో అప్పుడర్థమైంది.

చేపల పేను సంగతి వచ్చినప్పుడు కొట్టువాళ్ల పట్టు మరీ తేటపడింది. మేడం విసురువలతో నాలుగు బొచ్చెలు పట్టించింది. ఒకదాని రెక్క మొదట్లో పెసరబద్దంత పేను, పారదర్శకంగా ఉంది, వేలితో నెడితే జారుకుంటోంది. “ముందు పది చేపల మీద ఎన్నున్నాయో లెక్కపెట్టండి, తర్వాతే మందు మాట.” ఒకతను మెల్లగా, “పోయినేడు లెక్కపెట్టకుండానే మూడుసార్లు పోశానండి” అన్నాడు.

ఈ సాగుకి శాస్త్రం కొత్తేం కాదు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేపలకు సూదిమందుతో గుడ్లు పెట్టించాక పిల్లల కోసం వానాకాలపు నదుల మీద ఆధారపడే రోజులు పోయాయి. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన 1997లో భువనేశ్వర్ పక్కనున్న మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా ‘జయంతి’ అనే రోహు (శీలావతి) రకాన్ని ఇచ్చింది. విత్తనం దాకా శాస్త్రం వచ్చింది గానీ నీళ్లు ఇంకా అంచనాల మీదే నడుస్తున్నాయి.

మేత కూడా అంతే. ఇక్కడ అడుగున చిల్లులున్న సంచుల్లో తవుడు నింపి తాళ్లకు వేలాడదీస్తారు, చేపలు పొడుచుకు తింటాయి. పొద్దెక్కాక ఆమె ఒక రైతు చేత మేత కట్టించి, రెండు గంటల తర్వాత ఒక సంచి పైకి లాగించింది. దోసెడు తవుడు మిగిలే ఉంది. ఎకరాకి రెండు వేల చేపలు, సగటున అర కిలో, అంటే వెయ్యి కిలోలు. నూటికి రెండు చొప్పున రోజుకి ఇరవై కిలోలు చాలు. ఆ రైతు ముప్ఫై కడుతున్నాడు.

“పట్టుబడి అయ్యాక చెరువు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాలి, నల్ల బురద తియ్యాలి, సున్నం చల్లాలి” అని ఆమె చెబుతుండగా వెనక నుంచి ఒకతను లేచాడు.

“నెల రోజులు ఎండబెడితే ఆ నెల లీజు ఎవరు కడతారు మేడం?”

ఆమె కాసేపు నీళ్లకేసి చూసింది. చెరువు యజమాని ఈ బడికి రాడు. అడిగినతనే నవ్వేశాడు.

“మీరేం చేస్తార్లెండి. ఆ చుక్కల సీసా ఓ రోజు ఇస్తారా, రేపు మా చెరువూ చూసుకుంటా.”

సీసాల పెట్టె అతని సైకిలు వెనక కట్టించి, మూతలు మార్చొద్దని రెండుసార్లు చెప్పింది.