చేతులు మారిన కొట్టు

చిన్న ఇంటర్నెట్ వ్యాపారం నడుపుకునే నాకు మహా విజేతల కథలకంటే డెలీషియస్ కథే ఎక్కువ గుర్తొస్తుంటుంది. నచ్చిన వెబ్ లింకులు దాచుకుని, తోచిన ట్యాగులు తగిలించి, నలుగురితో పంచుకునే సాధనం అది. 2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టాడు. 2005లో యాహూ కొంది. ఇంకేం, దశ తిరిగిందనుకుంటాం కదా! కానీ 2010 డిసెంబరులో యాహూ దాన్ని వదిలించుకోబోతోందన్న కబురు బయటికి పొక్కింది. కంగారుపడ్డ జనం తమ లింకులు మూటగట్టుకుని, అలాంటి సాధనమే అయిన పిన్‌బోర్డ్ గుమ్మం తొక్కారు. డెలీషియస్ మాత్రం 2011లో యూట్యూబ్ స్థాపకుల చేతికి, తర్వాత మరొకరి చేతికి పోయింది.

పిన్‌బోర్డ్‌ది దాదాపు ఒంటరి కాపురం. మాచెయ్ సెగ్వోఫ్‌స్కీ 2009లో తెరిచాడు. పెట్టుబడిదారులు లేరు, ప్రకటనలు లేవు. చేరాలంటే డబ్బు కట్టాలి. ఒక్కొక్కరు చేరేకొద్దీ ఆ రుసుము రవ్వంత పెరిగేది. అన్నీ ఉచితంగా దొరికే రోజుల్లో ఇదేం పిచ్చి అనిపిస్తుంది. నాకైతే అసలు తెలివి అక్కడే కనిపిస్తుంది. వాడేవాడే డబ్బిస్తుంటే, మూడో మనిషిని మెప్పించడానికి సాధనాన్ని పాడుచేసుకోనక్కర్లేదు. సర్వర్లు కనిపెట్టుకుని ఉండటం, ఫిర్యాదులకు జవాబివ్వడం విసుగు పుట్టించే పనులే. అలాంటివి విడవకుండా చేసే పట్టుదల మీద మా రంగంలో ఉపన్యాసాలకు కొదవ లేదు. నేను మాత్రం నెలాఖరున ఖర్చు రాబడిని దాటిందా అన్నదే చూస్తాను.

2017లో పిన్‌బోర్డే డెలీషియస్‌ను కొనేసింది. కొత్త లింకులు చేర్చడం ఆపి, పాతవి చూసుకోవడానికి ఉంచింది. ధర 35,000 డాలర్లు. అప్పటికి కూడా ఆ డబ్బుకు హైదరాబాదు నడిబొడ్డున ఓ మంచి ఫ్లాటు వచ్చేది కాదు.