రెండు తలుపుల బండిలో లేపాక్షి ప్రయాణం

మా అబ్బాయి కారుకు రెండే తలుపులు. పెళ్ళికి ముందు ముచ్చటపడి కొనుక్కున్న బండి అది. పేరు మినీ కూపర్. 1959లో ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు పదడుగుల పొడవులో నలుగురు మనుషులు పట్టే బండిని తయారుచేస్తే, 1961లో జాన్ కూపర్ అనే పందెపు కార్ల నిపుణుడు దానికి ఇంకొంచెం పదును పెట్టాడు. ఆ చిట్టి బండి 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీకార్లో ర్యాలీలో పెద్ద పెద్ద కార్లను వెనుకకు నెట్టి గెలిచినది. ఇప్పటి బండి పన్నెండున్నర అడుగులు దాటినా, స్వభావం మారలేదు. ముందు ఇద్దరికి దర్జా, వెనుక ఇద్దరికి సర్దుబాటు.

మల్లేశ్వరంలో మా ఇంటి ముందు అది నిలబడితే దారిన పోయే కుర్రవాళ్ళు ఆగి చూస్తారు. మాకు మాత్రం అందులో ఎక్కడం, దిగడం యోగాసనంతో సమానం. ముందు సీటు వంచి, తల వంచి, ఆ తరువాత మన గర్వమంతా వంచి లోపలికి పోవాలి.

ఈ బండిలో ఇద్దరు పిల్లలతో లేపాక్షి వెళ్ళాలన్నది మా ఇంటావిడ కోరిక. మనుమరాలికి నాలుగేళ్ళు, మనుమడికి పది నెలలు. లేపాక్షి వీరభద్రస్వామికి మొక్కు ఉన్నది. బెంగుళూరునుంచి బళ్ళారి రోడ్డు పట్టి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి, కొడికొండ దగ్గర హైదరాబాదు రోడ్డును విడిచి ఎడమకు తిరిగితే లేపాక్షి. సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. తెల్లవారి బయలుదేరితే మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు.

“చంటివాణ్ణి నేను ఒళ్ళో పెట్టుకుంటాను. పిల్ల నా పక్కన కూర్చుంటుంది. ఇందులో ఆలోచించడానికి ఏమున్నది?” అన్నది మా ఆవిడ.

“అత్తయ్యా, అది ఒక్కటి మాత్రం వద్దండి. ఇద్దరికీ సీట్లు కట్టిస్తాము,” అన్నది కోడలు. మెల్లగానే అన్నది గాని, ఆ మాట గదిలో గట్టిగానే వినపడినది.

ఆ పూట మా ఆవిడ కాఫీ తాగలేదు. ఇద్దరు పిల్లలను ఒళ్ళో పెంచిన చేతులవి. వెనుకటికి మాకు ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, మద్రాసులో తయారైన బండి. దానికీ రెండే తలుపులు. మా పిల్లలు ముందు సీట్ల సందులో నిలబడి, మా భుజాలు పట్టుకొని, తిరుపతి దాకా కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవారు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కనుకనే ఇప్పుడు హాయిగా చెప్పుకుంటున్నాము. ఏమైనా అయినవారు చెప్పుకోవడం తక్కువ.

కోడలిదీ తప్పు కాదని మాకు లెక్క వేస్తే తెలిసినది. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేనికో కొట్టుకొని అర మీటరు దూరంలో నిలిచిపోయిందనుకోండి. ఆ క్షణంలో లోపలి వస్తువు ప్రతిదీ తన బరువుకు ఇంచుమించు ఇరవై రెట్లు లాగుతుంది. మా మనుమడు తొమ్మిది కిలోలు. అంటే నూట ఎనభై కిలోలు! రెండు చేతులతో బిందె ఎత్తడానికే ఆయాసపడే వయసు మాది. ప్రేమ ఎంత గట్టిదైనా మోచేతులకు ఆ బలం రాదు. పైగా వెనుకనుంచి ఒళ్ళో పెట్టుకున్న మనిషి బరువు కూడా బిడ్డమీదే పడుతుంది.

ఇదే ఒడి సంగతి అమెరికాలో చట్టసభదాకా వెళ్ళినది. పిల్లలకు కారులో ప్రత్యేక సీటు ఉండాలని మొదట చట్టం తెచ్చిన రాష్ట్రం టెనెస్సీ. 1978లో అమలుకు వచ్చినది. దానికోసం పట్టుబట్టినవాడు రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు. అయితే పెద్దలు చేతుల్లో పట్టుకున్న పసివాళ్ళకు సీటు అక్కరలేదని అందులో ఒక మినహాయింపు దూర్చారు. సీటు కావాలన్నవారు ఆ మినహాయింపుకు ‘పిల్లలను నలగగొట్టే సవరణ’ అని పేరు పెట్టారు. 1981లో దాన్ని తీసివేయవలసి వచ్చినది. ఇప్పుడు అమెరికాలో కూతురికో కోడలికో పురుడు పోయడానికి వెళ్ళి వచ్చిన మనవాళ్ళను అడగండి: ఆసుపత్రినుంచి బిడ్డను ఇంటికి తేవడానికి ఊయల కంటే ముందు కొన్నది కారు సీటే అంటారు.

మన దేశంలోనూ చట్టం ఉన్నది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఆ వెయ్యి కట్టినవారిని మాత్రం మేము ఇంతవరకు చూడలేదు.

సరే, సీట్లు కొనాలని నిర్ణయమైనది. అసలు కథ అక్కడ మొదలైనది.

మొదట తెచ్చిన సీటు అంగడిలో చూడముచ్చటగా ఉన్నది. అడుగున పీఠము, దానికి ముందు ఊతకాలు. తీరా ఇంటికి తెచ్చి ఆ సందులోంచి దూర్చబోతే తలుపు దగ్గరే ఇరుక్కున్నది. అరగంట కుస్తీ పట్టి లోపలికి పంపిస్తే, ముందు సీటు తిరిగి తన చోటికి వచ్చి బిగుసుకోలేదు. ముందు కూర్చోవలసిన మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చోవాలి. అంగడివాడు డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. వేరే సరుకు తీసుకోమన్నాడు. రెండోసారి మేము బండినే అంగడికి తీసుకుపోయి, వీధిలోనే సీటు అమర్చి చూసి, ఆ తరువాతనే డబ్బు ఇచ్చాము. రెండు తలుపుల బండి ఉన్నవారికి మేము చెప్పగలిగినది ఇదే.

అమర్చడంలో మర్మం కొంచెం ఉన్నది. వెనుక సీటు వీపూ అడుగూ కలిసే మూలలో లోతుగా చెయ్యి పెడితే రెండు ఉక్కు కమ్మీలు తగులుతాయి. చిటికెన వేలికంటే సన్నవి. వాటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. ప్రపంచంలో ఏ కంపెనీ బండి అయినా అదే కొలత. దాని పేరు ఐసోఫిక్స్. పిల్లల సీటు కొక్కేలు ఆ కమ్మీలకు టక్కున పట్టుకోవాలి. మనవాళ్ళు జె.సి. రోడ్డులో వేయించే మందపాటి సీటు కవర్ల కింద ఈ కమ్మీలు కనపడకుండా పోతాయి. ఉన్నాయో లేవో కూడా చాలామంది యజమానులకు తెలియదు. మా అబ్బాయి బండికి కవర్లు లేవు గనుక వెదకడం సులువైనది. అయినా లోపలికి సగం దూరి, టార్చిలైటు నోట కరచుకొని వెదికాడు పాపం.

చంటివాడి సీటు వెనుకవైపు చూసేటట్లు పెట్టాలి. ఇది మా ఆవిడకు అస్సలు నచ్చలేదు. “బిడ్డ మొహం గోడకు తిప్పినట్లు!” అన్నది. కారణం వింటే సబబే. పసివాడి తల ఒళ్ళంతటికీ నాలుగో వంతు, మెడ లేత. బండి ఠక్కున ఆగితే ముందుకు చూసేవాడి తల విసురుగా ముందుకు పోతుంది. వెనుకకు చూసేవాడి తల, మెడ, వీపు మూడింటినీ సీటే కాచుకుంటుంది. 1964లో స్వీడనులో బెర్టిల్ ఆల్ద్‌మన్ అనే ఆయన అంతరిక్షయాత్రికుల ఆసనాలను చూసి, వీపు ఆనించే ఈ పద్ధతిని పిల్లల సీటుకు తెచ్చాడు. ఇప్పటి ఐరోపా నిబంధన ప్రకారం పదిహేను నెలలు నిండేదాకా కొత్తరకం సీట్లలో ఇలాగే కూర్చోబెట్టాలి. “రాకెట్టులో పోయేవారు కూడా ఇలాగేనటమ్మా,” అని అబ్బాయి చెప్పినాక ఆవిడ కొంత మెత్తబడినది.

పక్కింటివారు, ఇంత అవస్థ ఎందుకు, ఆ సీటును ముందే పెట్టెయ్యండి అన్నారు. అది అన్నిటికంటే ప్రమాదం. ముందు గాలిసంచి విచ్చుకుంటే సరిగ్గా బిడ్డ తల వెనుకనే కొడుతుంది.

చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. చంటివాడు ఎడమవైపు వెనుక, ఎందుకంటే ముందు ఎడమ సీటును కాస్త ముందుకు జరుపుకోవచ్చు. పిల్ల డ్రైవరు వెనుక, ముందుకు చూస్తూ. మా అబ్బాయి పొడగరి కావడంవల్ల దాని కాళ్ళు అతని వీపుకు తగులుతాయి. పాట వచ్చినప్పుడల్లా తాళం అక్కడే వేస్తుంది. ఇంకొక చిక్కు: చంటివాడి సీటు దారి మూసివేయడంవల్ల పిల్ల రోడ్డువైపు తలుపులోంచే ఎక్కాలి. కనుక ఎక్కించడం, దించడం ఇంటి ఆవరణలోనే, వీధిలో కాదు. ఇక ముందు ఎడమ సీటులో పొట్టివాళ్ళే పడతారు. అయితే పొట్టివాళ్ళని మరీ ముందుకు తోస్తే గాలిసంచికి దగ్గరౌతారు. రొమ్ముకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య ఒక జానెడు పైన, ఇరవై అయిదు సెంటీమీటర్లయినా ఉండాలి. మా ఆవిడ కుట్టుపెట్టె టేపు తెచ్చి కోడలిని కూర్చోబెట్టి కొలిచాము. ముప్ఫై వచ్చినది.

బెంగుళూరులోనే పుట్టిన ఒక చిట్టి కారును ఇక్కడ తలచుకోవాలి. 2001లో బొమ్మసంద్రలో తయారై రోడ్డెక్కిన రేవా అనే విద్యుత్తు బండి. దానికీ రెండే తలుపులు. ముందు ఇద్దరు పెద్దలు, వెనుక ఇద్దరు పిల్లలు మాత్రమే పట్టేది. లండనులో జీ-విజ్ అనే పేరుతో తిరిగినది. ఆ వెనుక సీట్లో చదువుకునే పిల్లలు బడికి పోతూ ఉంటే మేము చూసి మురిసినవాళ్ళమే. పిల్లలను అందులో ఎలా కట్టి కూర్చోబెట్టాలన్న ఆలోచన మాకు ఆనాడు తోచనే లేదు.

ఇంతా సర్దినాక ఒక సంగతి బయటపడినది. బండిలో నాలుగే చోట్లు. పిల్లలకు రెండు పోతే మిగిలినవి రెండు. మొక్కు ఎవరిదో వారికే చోటు లేదు!

“మీరు వెళ్ళిరండి, మేము రైల్లో వస్తాము,” అన్నాము. మా ఆవిడ ఏమీ అనలేదు. అలా అననప్పుడే భయం.

ఆదివారం తెల్లవారి వాళ్ళు కారులో, మేము యశ్వంతపురంలో రైలెక్కి దొడ్డబళ్ళాపురం, గౌరీబిదనూరు మీదుగా హిందూపురానికి. స్టేషనుకు పోయే దారిలో సిగ్నలు దగ్గర ఒక స్కూటరు ఆగినది. తండ్రి, తల్లి, వాళ్ళ మధ్య నిద్రపోతున్న పిల్ల, ముందు నిలబడ్డ పిల్లవాడు. నాలుగేళ్ళ లోపు పిల్లలకు స్కూటరుమీద కట్టే పట్టీ, శిరస్త్రాణము ఉండాలని 2022లో నియమం చేశారు. మేము నెల రోజులుగా సెంటీమీటర్లు కొలుచుకుంటున్న సంగతి తలుచుకొని మాకే సిగ్గు వేసినది. ఆ తల్లి చెయ్యి మాత్రం పిల్ల నడుము చుట్టూ గట్టిగా ఉన్నది. మా ఆవిడ ఆ చేతినే చూస్తూ ఉన్నది.

హిందూపురంనుంచి ఆటోలో లేపాక్షి చేరేసరికి కారు మాకంటే ముందే వచ్చి పెద్ద నంది దగ్గర చెట్టునీడలో ఉన్నది. చంటివాడు సీటులో నిద్ర. చిక్కబళ్ళాపురం దగ్గర ఏడిస్తే బండి పక్కకు ఆపి, దించి, పాలు పట్టి, మళ్ళీ కట్టారట. పరుగెత్తే బండిలో వాణ్ణి విప్పలేదు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఇవతలికి లాగే వేడుక మనుమరాలు మూడుసార్లు చేసినది. మొక్కు తీరినది. మండపంలో కూర్చున్న రెండు గంటలూ చంటివాడు నానమ్మ ఒళ్ళోనే ఉన్నాడు. ఎవరినీ ఎత్తుకోనివ్వలేదు ఆవిడ.

బయలుదేరేవేళకు కోడలు చేతిసంచి తీసుకొని మా పక్కకు వచ్చినది. “అత్తయ్యా, మీరు కారులో రండి. బాబుకు పాలు పట్టేశాను. ఈ లైనులో రైలు నేను ఎప్పుడూ ఎక్కలేదు, మామయ్యగారితో వస్తాను.”

మా ఆవిడ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసినది. తరువాత ముందు సీటు వంచి, తానే లోపలికి దూరి, చంటివాణ్ణి పడుకోబెట్టినది. మందపాటి స్వెట్టరు విప్పించినది. అది ఉంటే పట్టీ వదులుగా ఉండిపోతుందని నెల రోజుల వాదనలో ఎక్కడో ఆమె చెవిన పడినదన్నమాట. పట్టీ బిగించి, భుజం దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూసినది. వేళ్ళకు మడత చిక్కలేదు. సీటును రెండు చేతులా పట్టుకొని కుదిపినది. ఒక అంగుళం కూడా కదలలేదు.

“ఒరేయ్, టేపు ఏదిరా?” అని అడిగినది ముందు సీటులో కూర్చుంటూ.

టేపు ఇంట్లోనే మరిచిపోయాము. జానతో కొలుచుకున్నది. జాన మీద నాలుగు వేళ్ళు వచ్చినది. అప్పుడు గాని బండి కదలనివ్వలేదు.